కాలేజీ కోచ్‌గా చేసి తర్వాత ప్రజల పనిలోకి దిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మా పీడీ సార్ కోసం అడుగుతున్నా

గోసాని_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా గోసాని బ్లాకు, పర్లాకిమిడి పక్కన ఊరు. విషయం ఏటంటే మా కాలేజీ పీడీ సార్ వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. పీడీ అంటే పేరుకి ఫిజికల్ డైరెక్టర్ గానీ కబడ్డీ ఆయనే, ఖోఖో ఆయనే, వాలీబాల్ ఆయనే, పరుగులు, గుండు విసరడం అన్నీ ఆయనొక్కరే. ఆఖరికి ట్రాక్‌కి సున్నం గీతలు కూడా తెల్లారి లుంగీ పైకి కట్టుకుని తనే గీసేవారు. వాలీబాల్ నెట్ చిరిగితే కొత్తది శాంక్షన్ అయ్యేదాకా ఎవడాగుతాడ్రా అని చేపల వలలు కుట్టే నైలాన్ దారం తెచ్చి గ్రౌండ్‌లోనే చతికిలబడి ముళ్ళేసుకుంటూ పోయేవారు, మేం చెరో కొసా పట్టుకుని నిలబడేవాళ్ళం.

ఇప్పుడు పాత స్టూడెంట్లం అందరం కలిసి సార్‌ని సర్పంచ్‌గా నిలబెడదాం అంటన్నాం. సార్‌కి లోపల ఇష్టమే. ఇంట్లోనే ఒప్పుకోట్లేదు, ముఖ్యంగా ఆయన బావమరిది. "విజిల్ ఊదుకునేవాడివి, నీకెందుకు బావా పంచాయితీ, పెన్షన్ తీసుకుని మనవల్ని ఆడించుకో" అని నలుగురిలో అనేశారు. వీడ్కోలు సభలో నేను మాట్లాడాలి, తెలుగులో కొంచెం, ఒడియాలో కొంచెం. ఆ బావమరిది గారు ముందు వరసలోనే కూచుంటారు మరి.

అందుకని అడుగుతున్నా, కాలేజీలో ఆటలు నేర్పి తర్వాత ప్రజల పనిలోకి దిగి నిజంగా ఏదైనా చేసి చూపించినవాళ్ళు ఉంటే చెప్పండి. పాత కాలం వాళ్ళయితే మరీ మంచిది. మంచీ చెడూ రెండూ కావాలి, నేను మంచి ఒక్కటే చెప్తే రెండోది ఆయన లేచి చెప్పేస్తారు.

పాతపట్నం_మావయ్య:

అల్లుడూ, ఎక్కడికో ఎందుకు, మన కోడి రామ్మూర్తి నాయుడు గారు లేరా? వీరఘట్టంలో పుట్టి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామం మేష్టారుగా చేసినాయనే కదా. తర్వాత సర్కస్ పెట్టి గుండె మీద ఏనుగుని ఎక్కించుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆఖరి రోజులు మీ ఒడిశాలోనే, బలంగీర్‌లో. కాకపోతే పదవులూ ఓట్లూ అటువైపు ఆయన రాలేదు, కాబట్టి నీ ప్రశ్నకి పూర్తిగా సరిపోడు. కానీ సభలో ఒక్క ముక్క ఆయన పేరు చెప్పు, చప్పట్లు గేరంటీ.

బరంపురం_పీఈటీ_రిటైర్డ్:

బాబూ గోసాని, నేనూ మీ సార్ లాంటోణ్ణే, బరంపురంలో ముప్పై ఏళ్ళ పైన విజిల్ ఊదినవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

రాల్ఫ్ మెట్‌కాఫ్ అని అమెరికాలో ఒక నల్లజాతి పరుగువీరుడు. పేరు విని ఉండవు, ఎందుకంటే ఒలింపిక్స్ వంద మీటర్లలో రెండుసార్లూ ఆయనది రెండో స్థానమే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అంటే అందరికీ జెస్సీ ఓవెన్స్ గుర్తొస్తాడు కదా, వంద మీటర్లు ఓవెన్స్ 10.3 సెకన్లు, ఆ వెనకే 10.4లో వచ్చింది ఈయన. అంతకుముందు 1932 లాస్ ఏంజెలిస్‌లో మరీ ఘోరం, ఎడ్డీ టోలన్‌కీ ఈయనకీ ఇద్దరికీ ఒకటే టైం, 10.3, ఫిల్మ్ తిప్పి తిప్పి చూసి టోలన్‌కి బంగారం ఇచ్చారు. 200 మీటర్లలో అయితే ఈయన లేన్‌లో స్టార్టింగ్ గీత వెనక్కి పడిందనీ మిగతావాళ్ళ కంటే ఎక్కువ దూరం పరిగెత్తాడనీ అంటారు, వచ్చింది మూడో స్థానం. గీతలు గీసేవాడికే తెలుస్తుంది ఆ బాధ, మీ సార్‌ని అడుగు. మళ్ళీ పరుగు పెట్టమని అడిగే అవకాశం ఉన్నా అడగలేదు, ఎందుకంటే మొదటి మూడు స్థానాలూ అమెరికాకే వచ్చాయి, తన గొడవ వల్ల టీంకి అది పోకూడదని. చివరికి 1936లో 4x100 రిలేలో ఓవెన్స్ చేతిలోంచి బ్యాటన్ అందుకుని రెండో లెగ్ పరిగెత్తి బంగారం పట్టాడు, 39.8 సెకన్లు, ప్రపంచ రికార్డు.

ఇప్పుడు నీక్కావలసిన భాగం. ఒలింపిక్స్ అయ్యాక న్యూ ఆర్లీన్స్‌లో జేవియర్ యూనివర్సిటీ అని నల్లజాతి పిల్లల కోసం పెట్టిన క్యాథలిక్ కాలేజీలో చేరాడు. క్లాసులో రాజకీయ శాస్త్రం పాఠం, గ్రౌండ్‌లో ట్రాక్ కోచింగ్, రెండూ ఆయనే. తెల్లవాళ్ళకి వేరే బడి, నల్లవాళ్ళకి వేరే బడి అని చట్టమే చెప్పే ఊళ్ళో అది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక సైన్యంలో చేరి సైనికులకి వ్యాయామ శిక్షణ కార్యక్రమం తయారు చేసినందుకు లీజియన్ ఆఫ్ మెరిట్ అని పతకం కూడా అందుకున్నాడు.

యుద్ధం అయ్యాక చికాగో వచ్చి 1955లో ఆల్డర్‌మన్ అయ్యాడు, మన లెక్కలో కార్పొరేటర్. అదే ఏడు రిచర్డ్ డేలీ మేయర్ అయ్యాడు. ఈ డేలీ మామూలోడు కాదు, ఊళ్ళో ఉద్యోగం కావాలన్నా, చెత్త బండి రావాలన్నా ఆయన పార్టీ మనుషుల ద్వారానే. మెట్‌కాఫ్ ఆ పార్టీలోనే ఎదిగి 1971లో అమెరికా కాంగ్రెస్‌లోకి వెళ్ళాడు, అక్కడ నల్లజాతి సభ్యులు 13 మంది కలిసి బ్లాక్ కాకస్ పెడితే అందులో ఈయనా ఒకడు.

1972లో కథ తిరిగింది. చికాగోలో ఇద్దరు నల్లజాతి డెంటిస్టుల్ని పోలీసులు వేర్వేరుగా పట్టుకుని హింసించారు. వాళ్ళు ఈయనకి తెలిసినవాళ్ళే. ఒకాయనకి పక్షవాతం వస్తే తాగి ఉన్నాడనుకుని లాకప్‌లో పడేశారు. మెట్‌కాఫ్ డేలీని తన ఆఫీసుకి వచ్చి జనంతో మాట్లాడమన్నాడు, డేలీ రానన్నాడు. అంతే, అన్నేళ్ళ స్నేహం తెంచేసుకున్నాడు. పోలీసుల అఘాయిత్యాల మీద విచారణలు పెట్టించి, జనాన్ని కూర్చోబెట్టి వాంగ్మూలాలు తీసుకుని, అదే ఏడు రిపోర్టు బయటపెట్టాడు. డేలీ ఊరుకుంటాడా, 1976 ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే లోపలి ఎన్నికలో, ఈయన మీద తన మనిషిని నిలబెట్టాడు. మెట్‌కాఫ్ చిత్తుగా ఓడించాడు. 1978 అక్టోబర్‌లో పదవిలో ఉండగానే పోయాడు. చికాగోలో ఇప్పుడొక ఫెడరల్ బిల్డింగ్‌కి ఆయన పేరే.

ముందు వరసాయనకి ఇది చెప్పు. ఆ విజిల్ ఊదినాయనే మేయర్‌ని ఎదిరించాడని.

సిరోంచ_సమ్మన్న:

తమ్మీ నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, నది దాటితే కాళేశ్వరం. పీఈటీ సార్ చెప్పిన ముచ్చట మస్తున్నది గని, అసలు అన్ని ఆటలు నేర్పి రాజకీయాలకు వొయినోడు అంటే హ్యాపీ చాండ్లర్. అసలు పేరు ఆల్బర్ట్ చాండ్లర్, కెంటకీ రాష్ట్రం, 1898ల పుట్టిండు. కాలేజీల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ మూడూ ఆడిండు, ఎప్పుడు చూసినా నవ్వుకుంట ఉంటడని దోస్తులు హ్యాపీ అని పెట్టిన్రు. లా చదువుకుంటనే కోచింగ్ చేసిండు, బడి పిలగాండ్లకు ఒక దిక్కు, కెంటకీ యూనివర్సిటీల ఆడివిల్లల బాస్కెట్‌బాల్ టీంకు ఇంకో దిక్కు. 1920లల్ల ఆడివిల్లల టీంకు కోచ్ అంటే చిన్న ముచ్చటనా?

1935ల గవర్నర్ అయిండు, అప్పటికి వయసు 37. అటెనుక సెనేటర్, అటెనుక 1945ల మొత్తం బేస్‌బాల్‌కే కమిషనర్. 1947ల జాకీ రాబిన్సన్ అని నల్లజాతి ఆటగాడు పెద్ద లీగ్‌లకు వచ్చిండు గదా, టీంల ఓనర్లల్ల మస్తు మంది వద్దన్నరు, గీన మాత్రం అడ్డం పడకుండ కాంట్రాక్టు పాస్ చేసిండు. ఓనర్లు అది మనసుల పెట్టుకున్నరని అంటరు, రెండోసారి కుర్చీ ఇయ్యలే, 1951ల పంపించిన్రు. మళ్ళ గవర్నర్ అయినంక 1956ల నల్లజాతి పిల్లగాండ్లను స్టర్జిస్ అనే ఊరి బడిలకు రానియ్యకుంటే మిలిటరీని, ట్యాంకులను తెచ్చి బడి ముంగట నిలవెట్టిండు.

గని తమ్మీ, గీన పేరు సభల ఎత్తేముందు ఒకటి ఎరుక పెట్టుకో. 1988ల, అప్పటికి 90 ఏండ్ల దగ్గర, యూనివర్సిటీ మీటింగ్‌ల కూసొని నల్లోళ్ళను ఛీ అనే మాట అనేసిండు. స్టూడెంట్లు రోడ్డెక్కిన్రు, దిగిపో అన్నరు. రాబిన్సన్‌కు తలుపు తీసిన మనిషే ఆ మాట అన్నడు. మీ ముందు వరుస మామకు ఫోన్ ఉంటది గదా, ఆడ కూసొనే చూసి లేస్తడు.

గుణుపురం_లలిత:

నేను గుణుపురంలో హైస్కూల్ టీచర్ని. మీరంతా మరీ పొగిడేస్తన్నారు గానీ నాకొక డౌటు. మెట్‌కాఫ్ 1955 నుంచి 1972 దాకా ఏం చేశాడు? డేలీ పోలీసులు 1972లోనే కొత్తగా కొట్టడం మొదలెట్టారా? అంతకుముందు కొట్టినప్పుడు ఈయన డేలీ పక్కనే కూర్చున్నాడు. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ చికాగో వచ్చి నల్లవాళ్ళకి ఇళ్ళు అద్దెకివ్వరేంటని ఊరేగింపులు చేస్తే కూడా ఈయన పార్టీ వైపే నిలబడ్డాడు. తనకి తెలిసిన డాక్టర్ల మీద పడ్డాకే కదా కదిలింది. నాకైతే 1932లో 200 మీటర్ల దగ్గరా ఇదే బుద్ధి కనిపిస్తుంది, టీం కోసం నోరు మూసుకోవడం. గ్రౌండ్‌లో అది గొప్ప గుణమే, నేను కాదనట్లేదు, కానీ అదే గుణం కౌన్సిల్‌కి పట్టుకెళ్తే వార్డులో జనానికి పదిహేడేళ్ళు నష్టం.

ఇంకోటి, కోచ్‌లకి ఒక అలవాటు ఉంటుంది, ఏమనుకోకండి పీఈటీ మేష్టారూ. పిల్లలు చెప్పినట్టు వింటారు. ఇరవై రౌండ్లు కొట్టమంటే కొడతారు, ఎందుకని అడగరు. గ్రామసభలో అలా ఎవరూ వినరు, బోరింగ్ మా వీధిలో ఎందుకు వెయ్యలేదని ముసలమ్మ కూడా గల్లా పట్టుకుంటుంది. సార్ దానికి తయారుగా ఉన్నారా అనేది అసలు ప్రశ్న.

ఆటల నుంచి వచ్చినవాళ్ళలో నాకు నచ్చేది జైపాల్ సింగ్ ముండా. మన పక్క జార్ఖండ్ మనిషి, ఖుంటీ దగ్గర టక్రా ఊరు. ఆక్స్‌ఫర్డ్‌లో హాకీ ఆడి 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో ఇండియాకి కెప్టెన్. ఆ టోర్నమెంట్‌లో మనవాళ్ళు 29 గోల్స్ వేసి ఒక్కటీ వేయించుకోలేదు. హాకీ కోసం లీవు ఇవ్వనంటే ఐసీఎస్ వదిలేసుకున్నాడు. తర్వాత ఆఫ్రికాలో, ఇప్పటి ఘనాలో, అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పాడు, రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కాలేజీలో చేశాడు. కోచ్ అని కచ్చితంగా అనలేం, కాలేజీ మేష్టారు అనాలి. రాంచీకి తిరిగొచ్చి 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యాడు. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి, ప్రజాస్వామ్యం అంటే ఏంటో ఆదివాసీలకి మీరు నేర్పక్కర్లేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి అని నెహ్రూ ముందే చెప్పాడు. మా స్కూల్లో సవర పిల్లలకి ఈయన గురించి చెప్తే చివరి బెంచీ వాళ్ళు కూడా తలెత్తి వింటారు.

బరంపురం_పీఈటీ_రిటైర్డ్:

లలితమ్మా, ఇరవై రౌండ్ల మాట నిజమే, ఒప్పుకుంటా. పదిహేడేళ్ళ సంగతీ నిజమే. కానీ ఒకటి చూడు, తెంచుకున్నప్పుడు ఆయన వయసు 62 దగ్గర. మా వయసులో ఉన్న పదవి, ఉన్న పలుకుబడి వదులుకోవడం ఎంత కష్టమో నీకు ఇంకా తెలీదు. సభలో రెండూ చెప్పమను కుర్రాణ్ణి, అన్నేళ్ళు ఊరుకున్నాడనీ చెప్పాలి, ఆఖరికి ఊరుకోలేదనీ చెప్పాలి. జైపాల్ సింగ్ సంగతి మాత్రం బాగా గుర్తు చేశావు.

బ్లాకాఫీసు_చుట్టూ:

చరిత్ర సరే గానీ ఎవరైనా రూల్స్ చూశారా? నాకు ఈ నామినేషన్ల పనిలో కొంచెం అనుభవం ఉంది. మొదటిది, మీరు గోసాని అన్నారు కాబట్టి సరిపోయింది, అదే గుమ్మ బ్లాకో, మన జిల్లాలోనే ఉన్న రాయగడ బ్లాకో అయితే షెడ్యూల్డ్ ఏరియా, అక్కడ సర్పంచ్ కుర్చీ ఆదివాసీలకే. గోసానిలో కూడా మీ పంచాయితీ ఈసారి మహిళలకి పడుతుందో ఎవరికి పడుతుందో రిజర్వేషన్ లిస్టు వచ్చాక గానీ చెప్పలేం. పోయిన ఎన్నికలు 2022లో అయ్యాయి, ఐదేళ్ళకోసారి కాబట్టి లెక్క మీరే వేసుకోండి.

రెండోది, ఒడిశా చట్టం ప్రకారం సర్పంచ్‌గా నిలబడాలంటే ఒడియా చదవడం రాయడం రావాలి. మన తెలుగోళ్ళలో మాట్లాడ్డం అందరికీ వచ్చు, రాయమంటే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు, చూసుకోండి. సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తు ఉండదు, జిల్లా పరిషత్‌కి ఉంటుంది, ఆ గొడవ మీకు లేదు. రిటైర్ అయిపోతారు కాబట్టి ఉద్యోగం అడ్డూ లేదు.

మూడోది అందరూ మర్చిపోయేది, పిల్లలు. ఇద్దరికంటే ఎక్కువ ఉంటే పోటీకి అనర్హత. 1994లో సవరణ వచ్చింది, అది వచ్చిన ఏడాది లోపల పుట్టినవాళ్ళకి మినహాయింపు, ఆ తర్వాత మూడో బిడ్డ పుడితే లేదు. సార్‌కి ఎంతమంది?

గోసాని_కుర్రాడు:

అన్నా, ఒడియా ఇబ్బంది లేదు, సార్ టోర్నమెంట్ లెటర్లన్నీ ఒడియాలో తనే రాసేవారు, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. కానీ పిల్లలు ముగ్గురు. ఇద్దరమ్మాయిల తర్వాత అబ్బాయి. వాడు నా కంటే రెండేళ్ళు చిన్న, అంటే 2000. అయిపోయిందా మరి?

పాతపట్నం_మావయ్య:

అయితే మేడంగార్ని నిలబెట్టండి అల్లుడూ, వెనకాల సార్ ఉంటారు. మా ఆంధ్రాలో ఎంతమంది అలా నడిపించట్లేదు.

బ్లాకాఫీసు_చుట్టూ:

మావయ్యా, ఆ ముగ్గురూ మేడంగారికీ పిల్లలే కదా.

గుణుపురం_లలిత:

మావయ్యగారూ, ఒకవేళ ఆవిడకి రూలు అడ్డు రాకపోయినా, ముందు పెట్టి వెనకాల నడిపించడం ఏంటండీ. ఆవిడకి ఇష్టమై నిలబడితే ఆవిడే సర్పంచ్, సార్ ఇంట్లో వంట చూసుకుంటారు.

సిరోంచ_సమ్మన్న:

లలితక్కా 🙏. తమ్మీ, మా మహారాష్ట్రల కూడ గిదే రూలు, ఇద్దరు దాటితే పంచాయితీ ఎలక్షన్ బంద్, మా దిక్కు ఎంతమంది లీడర్లు గిట్లనే కూసుండిపోయిన్రు. ఒకపాలి వకీల్‌ను అడుగు, అయినా నాకైతే ఆశ లేదు.

బరంపురం_పీఈటీ_రిటైర్డ్:

బాబూ, డీలా పడకు. మెట్‌కాఫ్ గురించి నేను రాయని ముక్క ఒకటుంది. 1955లో ఓటుతో గెలవక ముందు పదేళ్ళు ఆయన చేసినవి ఓట్ల పదవులు కావు. 1945 నుంచి చికాగో మానవ సంబంధాల కమిషన్‌లో పౌరహక్కుల విభాగం చూశాడు, 1949 నుంచి ఇల్లినాయ్ రాష్ట్రానికి అథ్లెటిక్ కమిషనర్. ఎన్నిక లేకుండా చెయ్యదగ్గ పనులు మన దగ్గరా ఉన్నాయి. మీ బ్లాకులో హైస్కూల్ పిల్లలకి పీఈటీ లేని బళ్ళు ఎన్నున్నాయో ఒక లిస్టు రాయించు సార్ చేత, అది పట్టుకుని కలెక్టర్ గారి గ్రీవెన్స్‌కి వెళ్ళండి, పాత స్టూడెంట్లు పాతికమంది వెనకాల ఉంటే కాగితం కదులుతుంది. గ్రామసభలో లేచి మాట్లాడ్డానికి పిల్లల లెక్క ఎవడూ అడగడు.

గోసాని_కుర్రాడు:

మేష్టారూ, ఆ లిస్టు మాట బాగుంది. మా ఊరి హైస్కూల్‌కే లేరు, లెక్కల మేష్టారే డ్రిల్లు చేయిస్తారు. లలితక్కా, 1932, 1972 రెండూ కలిపి చెప్తాను సభలో, జైపాల్ సింగ్ ఒడియా ముక్కలో వస్తాడు, అక్కడ సవర కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. చాండ్లర్‌ని వదిలేస్తన్నా సమ్మన్నా, ఏమనుకోకు. ఒక్కటే సమస్య, ఈ పిల్లల రూలు సంగతి సార్‌కి ఇంకా తెలీదు. సభ అయ్యాక చెప్పనా, ముందే చెప్పనా? పాపం సంతోషంగా ఉన్నారు.

గుణుపురం_లలిత:

ముందే చెప్పు తమ్ముడూ. లేకపోతే సభలో ఎవడో ఉత్సాహవంతుడు మైకు పట్టుకుని కాబోయే సర్పంచ్ గారూ అంటాడు, దండ కూడా వేసేస్తాడు. నువ్వొక్కడివే వెళ్ళు, ఫోన్‌లో వద్దు. పీఈటీ లేని బళ్ళ లిస్టులో మీ ఊరి పేరు మొదట రాసి ఆ కాగితం కూడా తీసుకెళ్ళు.